కోటు జేబులో లైసెన్సు

బండి కృష్ణ వంతెన దాటేలోపు అంతోని కోటు జేబులోంచి లైసెన్సు కాజేయాలి. మద్రాసులో రైలెక్కినప్పటి నుంచీ శౌరయ్యకు అదే ధ్యాస.

అంతోని అతనికి పినతండ్రి కొడుకు. ఉయ్యూరు పక్క పల్లెలో ఇద్దరి చెరుకు తోటలూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. అడవిపందులు రెంటినీ సమానంగా తొక్కుతాయి. తుపాకి భుజాన వేసుకుని ఆ గట్టు మీద నడవాలన్నది శౌరయ్యకు చిన్ననాటి కోరిక. కిందటేడు దరఖాస్తు కూడా పెట్టాడు. తీరా లైసెన్సు అంతోని ఇంటికి వచ్చింది.

"ఊళ్ళో ఒకటి ఇచ్చేశాం. అది రద్దయితే అప్పుడు మీ సంగతి చూద్దాం," అన్నాడు తాలూకాఫీసు గుమస్తా.

అది రద్దయితే! మూడు నెలలుగా శౌరయ్యకు అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ మాటే వినబడుతోంది.

ఇంతలో మద్రాసు ప్రయాణం తగిలింది. బెజవాడ కొట్లలో ఉన్నవన్నీ బరువు తుపాకులట. తేలికైనది మద్రాసులో కొనుక్కుని తెచ్చుకోవడానికి కలెక్టరు అనుమతి కూడా వచ్చిందట. అంతోనికి పెళ్ళై ఏడాది కాలేదు. కొత్త పెళ్ళికూతురు మార్త లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళడు.

"మీరూ రావాలి బావగారూ. మాకు అరవం రాదు," అని మార్తే పట్టుబట్టింది.

శౌరయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. పొరుగు రాష్ట్రం నుంచి తుపాకి తెస్తూ లైసెన్సు చూపించలేకపోతే కేసు. కేసైతే రద్దు. రద్దయితే తన వంతు.

మద్రాసు కొట్లో మార్త వరస చూసి అతనికి నవ్వాగలేదు. చీరల కొట్లో కూర్చున్నట్టే కూర్చుని, "ఇది వద్దు, అది తీయండి," అని నాలుగు తుపాకులు దింపించింది. ఒక్కొక్కటీ భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, పెదవి విరిచింది. అంతోని పక్కన నిలబడి ప్రతిదానికీ తలూపాడు. ఆ మురిపెం చూడలేక శౌరయ్య కాఫీకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి ముద్రలూ సంతకాలూ అయిపోయి, తుపాకీ పాతిక తూటాలూ పెట్టెలోకి ఎక్కేశాయి.

రైల్లో ఇద్దరికీ లోకం పట్టలేదు. గూడూరులో ఒకే నిమ్మకాయ సోడా ఇద్దరూ తాగారు. ఒంగోలులో కొన్న జామకాయ పచ్చిదైతే దానికీ పకపకా నవ్వుకున్నారు. ఉక్కగా ఉందని అంతోని కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. మధ్యమధ్య లేచి దాని లోపలి జేబు తడిమి చూసుకోవడం, మార్త వంక చూడడం, ఇద్దరూ నవ్వు బిగబట్టుకోవడం.

"ఏంట్రా ఆ నవ్వులు?"

"ఏం లేదన్నయ్యా. బెజవాడ దిగాక చెబుతాంగా."

సరే, దిగాక నేనూ నవ్వుతాను అనుకున్నాడు శౌరయ్య.

మధ్యాహ్నం మూడింటికి బండి వంతెన ఎక్కింది. పెట్టెలో జనమంతా కిటికీల మీద పడి చిల్లర నీళ్ళలోకి విసరసాగారు. మార్త కూడా పది పైసల బిళ్ళ పట్టుకుని, "ఏవండీ, ఎవరిది దూరం పడుతుందో చూద్దాం," అని మొగుణ్ణి కిటికీ దగ్గరికి లాగింది. శౌరయ్య కోటు జేబులో చెయ్యి పెట్టాడు. చిన్న పుస్తకం, అట్ట మీద మూడు సింహాల ముద్ర. తెరిచి చూసే తీరిక లేదు. అవతలి కిటికీకి వెళ్ళి, అందరితోపాటు తనూ ఓ బిళ్ళ విసిరాడు. బిళ్ళతోపాటు పుస్తకమూ కృష్ణలో కలిసింది.

ప్లాట్‌ఫారం మీద రైల్వే పోలీసులు కనబడగానే శౌరయ్య గొంతు పెంచాడు.

"ఒరేయ్ అంతోనీ, తుపాకి పెట్టె జాగ్రత్తరా."

హెడ్ కానిస్టేబుల్ ఆగాడు. "తుపాకా? లైసెన్సేదీ?"

ఆ మాటకు అంతోని చెయ్యి కోటు జేబులోకి పోయింది. అక్కడే ఉండిపోయింది. తర్వాత మిగతా జేబులన్నీ తిరిగింది.

"పోగొట్టుకున్నావట్రా?" అన్నాడు శౌరయ్య, ఎంతో జాలిగా.

"ఆయన్నడుగుతారేంటండీ, తుపాకి నాదైతేనూ," అంటూ మార్త చేతిసంచీలోంచి ఓ పుస్తకం తీసిచ్చింది. హెడ్డు పేరు చదివాడు, ఆమె వంక చూశాడు, మళ్ళీ చదివాడు. మద్రాసులో కొనడానికి కలెక్టరు అనుమతి, కొట్టు ముద్ర, తుపాకి నంబరు, పాతిక తూటాలు, అన్నీ సరిపోయాయి.

"కాలేజీలో ఎన్‌సిసి లెండి. రైఫిల్ గురిలో రెండుసార్లు మొదటి బహుమతి," అంది మార్త సిగ్గుపడుతూ.

హెడ్డు నవ్వి వెళ్ళిపోయాడు. అంతోని మాత్రం ఇంకా జేబులు తడుముకుంటూనే ఉన్నాడు.

"ఇంకా ఏం వెతుకుతున్నావురా? అంతా సరిపోయిందిగా."

అంతోని బెంచీ మీద కూలబడ్డాడు.

"ఊరికి ఒక్క తుపాకి చాలదని మూడు నెలలు బందరు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగానన్నయ్యా. మొన్న చేతికిచ్చారు. జిల్లా దాటితే చెల్లదన్నారు, అందుకే మద్రాసులో బయటపెట్టలేదు. బండి దిగగానే వన్ టౌన్లో కాశిం సాయిబు కొట్టుకి తీసుకెళ్ళి, నచ్చిన తుపాకి ఎంచుకోమని చెప్పి, అప్పుడు నీ చేతిలో పెడదామనుకున్నాం, నీ లైసెన్సు."