సగటు చెడగొట్టిన మనిషి

బస్టాపులో నిలబడ్డ అమ్మాయి ఉన్నట్టుండి కుప్పకూలిపోయింది.

జనం తలలు తిప్పి చూశారు. ఎవరూ కదల్లేదు.

గళ్ళ చొక్కా మనిషొకడు మాత్రం పరుగెత్తుకొచ్చి, ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, "నీళ్ళు! ఎవరైనా నీళ్ళివ్వండి!" అని గావుకేక పెట్టాడు.

రోడ్డు అవతల కాఫీ హోటల్లో కిటికీ పక్కన కూర్చున్న సైకాలజీ లెక్చరర్ పళ్ళు నూరింది.

"మళ్ళీ వీడే!"

కింద పడ్డది ఆమె శిష్యురాలే. కాలేజీలో అందరూ పిచ్చుక అంటారు. ఆ పడిపోవడం నటన. చుట్టూ జనం పెరిగేకొద్దీ సాయానికి వచ్చేవాళ్ళు తగ్గుతారని నిరూపించడం లెక్చరర్ పరిశోధన.

పిచ్చుక ఎప్పుడు పడినా ఆ మనిషి ఊడిపడేవాడు. అతను దూకగానే ఇంకో నలుగురు కదిలేవారు. ఆ ఒక్కడివల్ల సగటు మొత్తం తలకిందులవుతోంది. పోనీ లెక్కల్లోంచి అతన్ని తీసేద్దామంటే, అతన్ని చూసి కదిలినవాళ్ళను ఏం చెయ్యాలి?

ఆ రోజు ఆమె ఓపిక నశించింది. రోడ్డు దాటి వెళ్ళి నిలదీసింది.

"ఏమయ్యా, నీకు వేరే పనీపాటా లేదా? ఇది పరిశోధన. ఆ అమ్మాయికేం కాలేదు."

"తెలుసమ్మా."

"తెలిసీ ఎందుకు ఎగబడుతున్నావ్?"

"ఏ రోజు నిజంగా పడిపోతుందో మీకు మాత్రం తెలుసా?"

ఆమెకు ఒళ్ళు మండింది.

"నాకే పాఠాలు చెబుతున్నావా? ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనిపించావంటే మర్యాదగా ఉండదు."

"రాకుండా ఉండలేనమ్మా."

ఆమె నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. ఆడపిల్లల మీద చేతులేస్తున్నాడని ఫిర్యాదు ఇచ్చింది.

"మేడమ్, ఆయన అలాంటివాడు కాదు..." వెంట వచ్చిన పిచ్చుక నసిగింది.

"నీకు డిగ్రీ కావాలా, వాడు కావాలా?"



మర్నాడు కానిస్టేబుల్ స్టాపులోనే, అందరూ చూస్తుండగా, అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. అతను చొక్కా సర్దుకుని పక్క సందులోకి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది లెక్చరర్.

ఆ తర్వాత అంకెలన్నీ ఆమె కోరుకున్నట్టే వచ్చాయి.

ఒక మధ్యాహ్నం పిచ్చుక మళ్ళీ పడిపోయింది. ఈసారి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

"ఇంత బాగా నటిస్తుందనుకోలేదే!" మురిసిపోతూ లెక్చరర్ గడియారం చూసుకుంది.

స్టాపులో ఎవరో నవ్వారు. "నాటకంలే, మొన్న కూడా ఇలాగే పడింది."

సందులోంచి ఆ మనిషి దూసుకొచ్చాడు.

"వీడికి సిగ్గన్నది లేదు!" ఆమె రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తింది. "వదులు! ఆ పిల్లని వదులు, లేకపోతే జైల్లో పెట్టిస్తా!"

అతను తలెత్తలేదు. పిచ్చుకను పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. పెదవుల పక్కన కారుతున్న నురగను చొక్కా అంచుతో తుడిచాడు.

"పెట్టించండి. ముందు ఏదైనా బండి ఆపండి."

ఆ నురగను ఆమె అప్పుడు చూసింది. రోడ్డు మధ్యకు పరుగెత్తి, వస్తున్న ఆటోకి అడ్డంగా నిలబడింది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు.

ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి అతను లేడు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. రోజూ స్టాపు దగ్గర పడిగాపులు కాసింది. అతను రాలేదు. చివరికి అక్కడ పేపర్లు అమ్మే ఆవిణ్ణి అడిగింది.

ఆవిడ ఎగాదిగా చూసింది. "ఆయన్ని కొట్టించింది మీరే కదూ?"

"తప్పు నాదే. ఇల్లెక్కడో చెప్పండి, కాళ్ళ మీద పడతాను."

"ఊరొదిలి పోయాడు. అంత మాట పడ్డాక ఇంటి ఓనరు ఉండనిస్తాడా?"

"ఎక్కడికెళ్ళాడో తెలుసా? రోజూ ఏ బస్సు ఎక్కేవాడు?"

"ఏ బస్సూ ఎక్కేవాడు కాదు." ఆవిడ పేపర్లు విసురుగా సర్దుకుంటూ అంది. "పోయినేడు ఇక్కడే ఒక పిల్ల పడిపోతే, నాతో సహా అందరం ప్రాణం పోయేదాకా నిలబడి చూశాం. ఆ పిల్ల తండ్రి ఆయన."