కంది వేరు

“రేపటికల్లా ఈ గోడకు సున్నం కొట్టించండి,” అన్నాడు బడి తనిఖీకి వచ్చిన అధికారి వెంకటేష్.

మూడో తరగతి గది గోడ మీద కంది చెట్టు బొమ్మ ఉంది. కాండం, ఆకులు, పసుపుపచ్చ పూలు, కాయలు. పక్కనే చెట్టుకు కావాల్సిన ఎండ, గాలి, మన్ను, అట్టడుగున నీళ్లు. అన్నిటికీ పేర్లు రాసి ఉన్నాయి. చిక్కల్లా వేరుతోనే. చెట్టు ఎంత ఎత్తుందో అంతకన్నా పొడుగ్గా గోడంతా దిగి, కింద గచ్చును తాకుతోంది.

“పిల్లలకు బాగా అర్థమవుతోంది సార్,” అంది టీచరు అరుణకుమారి.

“ఏం అర్థమవుతోంది?” వెంకటేష్ ఒక పాప ముందున్న వర్క్‌బుక్కు తీసి పేజీ తిప్పాడు. అందులోనూ కంది మొక్కే. వేరు వేలెడంత ఉంది. ఒక అమ్మాయి చెంబుతో నీళ్లు పోస్తోంది. “ఇదీ బొమ్మంటే. గోడ చూసి పరీక్షలో అట్లా వేస్తే మార్కులెవరిస్తారు? ఎవరు వేశారు దీన్ని?”

“నేనే సార్, నేనే...” అంటూ తడబడింది టీచరు.

“టీచరమ్మను ఏమీ అనబాకండి సార్. ఆ బొమ్మ నాది. పేర్లు మటుకే ఆయమ్మ రాసింది.”

అందరూ గుమ్మం వైపు చూశారు. బడిలో పిల్లలకు అన్నం వండే మగ్దలీనమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

“నువ్వా? నీకు డ్రాయింగు ఎవరు నేర్పారు?”

“ఎవురూ నేర్పలేదు సార్. కంటికి కనబడింది చేత్తో వేసినా.”

“ఇంత పొడుగు వేరు నీ కంటికి ఎక్కడ కనబడింది?”

“కుంట కాడ. ఎండాకాలం ఉపాధి పనిలో మేము తవ్విన కుంటే. మొన్నటి వానలకు ఒక పక్క గట్టు విరిగి పడింది. ఆడ కంది చెట్టు వేరు మొత్తం బయటికొచ్చింది. రండి, చూపిస్తా.”

“అవసరం లేదు. వెళ్లి వంట చూసుకో.”

మగ్దలీనమ్మ కదల్లేదు.

“వంట అయిపోయింది సార్. సున్నం కొట్టాలంటే నేనే కొడతా. ఒక్కసారి వచ్చి చూడండి. చూసినాక చెరపమంటే చెరిపేస్తా.”

ఆమె ఒక అధికారి ఎదుట ఇంత మాట్లాడటం టీచరు ఎన్నడూ చూడలేదు. “అయిదు నిమిషాల నడక సార్. నేనూ వస్తాను,” అంది, ధైర్యం కూడదీసుకుని.

వెంకటేష్ చేతి గడియారం చూసుకున్నాడు. విసుగ్గానే బయలుదేరాడు.

బడి వెనక పిచ్చయ్య అనే రైతు చేనులో ఉంది కుంట. విరిగిన గట్టు అంచున పూత మీదున్న కంది చెట్టొకటి నిలబడి ఉంది. వెంకటేష్ ఛాతీ దాకా వచ్చే చెట్టు. మగ్దలీనమ్మ చీర ఎగదోపుకుని నీళ్లింకిపోయిన కుంటలోకి జర్రున దిగింది. చెయ్యి పైకెత్తి వేరు మొదలు పట్టుకుంది.

“ఈడ మొదలు సార్. ఇదిగో, ఇది గరుసు రాళ్ల పొర. దీన్ని దాటినాది. ఈడ రాయి అడ్డమొచ్చింది. చుట్టు తిరిగి మళ్లీ కిందికే పోయింది.” ఆమె వేలు తలపై నుంచి భుజానికి, నడుముకు దిగింది. మోకాలి దగ్గర ఆగింది. అక్కడ వేరు దారమంత సన్నబడి మళ్లీ మట్టిలోకి దూరింది. “ఇంకా ఎంత దూరం పోయిందో దానికే తెలియాల.”

వెంకటేష్ బూట్లు విప్పాడు. గట్టు పట్టుకుని తనూ దిగాడు. వేరు పక్కన చెయ్యి ఆనించి జానలు కొలిచాడు. ఏడు దాటాయి. మళ్లీ మొదటినుంచి కొలిచాడు.

“మరి నీళ్లో? గోడ మీద నీళ్లను అట్టడుగున వేశావెందుకు?” ఇప్పుడతని గొంతులో విసుగు లేదు.

“మా కందికి చెంబుతో పోసేదెవరు సార్? నీళ్లు యాడుంటే ఆడికి అదే పోతాది. పోకపోతే ఈ నేలలో బతకదు.”

అతను ఆ వేరును చాలాసేపు చూశాడు.

బడికి వచ్చాక గోడ ముందు ఆగాడు. “సున్నం వద్దు టీచర్. కానీ ఒక లోపం ఉంది,” అన్నాడు.

మగ్దలీనమ్మ ముఖం చిన్నబోయింది. “ఏంది సార్ అది?”

“వేసినవాళ్ల పేరు లేదు.”

టీచరు నవ్వుతూ కుంచె అందించింది. మగ్దలీనమ్మకు రాయడం వచ్చిందల్లా తన పేరే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. పిల్లలు వెంటవెంటనే పైకి చదివారు. ‘మ్మ’ దగ్గరికి వచ్చేసరికి గది మారుమోగిపోయింది. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులుంచుకుని, తన పేరును మొదటి నుంచి చివరిదాకా చూసుకుంది.

వెంకటేష్ పిల్లల బల్ల మీద కూర్చున్నాడు. పెన్సిలు అడిగి తీసుకుని, వర్క్‌బుక్కులోని కంది బొమ్మకు వేరు పొడిగించసాగాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. గీత రాయిని చుట్టి, సన్నబడుతూ, పేజీ అంచు దాకా దిగింది. ఒక పుస్తకం అయ్యాక ఇంకొకటి అందుకున్నాడు.

మగ్దలీనమ్మకు మనసొప్పలేదు. దగ్గరికి వచ్చి మెల్లగా అంది. “అచ్చేసిన పుస్తకం గదా సార్. అట్ల దిద్దితే, ఆ బొమ్మ వేసినాయన బాధపడడా?”

“ఇందాక కుంటలోనే బాధపడ్డాడులేమ్మా,” అన్నాడు వెంకటేష్ మూడో పుస్తకం తెరుస్తూ. “అది వేసింది నేనే.”