నేరుగా కంపెనీ నుంచే

తన షాపు మెట్లెక్కి వస్తున్న సర్దార్‌ను చూసి మునిచంద్రకు ఒళ్లు మండింది. పుంగనూరులో ఇద్దరివీ ఎదురెదురు కారు స్పేర్ పార్టుల షాపులు. సర్దార్ నేరుగా కంపెనీ నుంచే తెప్పించి తక్కువకు అమ్ముతాడు. మునిచంద్ర మదనపల్లె డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొంటాడు. గిరాకీ అంతా సర్దార్‌కే.

"క్లచ్ ప్లేటు కావాలప్పా. రేపు కుప్పం పెండ్లికి పోవాల్సిన కారు నిలిచిపోయుండాది. కంపెనీవాళ్లు ఒక్కటైతే పంపరంట," అన్నాడు సర్దార్.

లేదని చెప్పేద్దామనుకుని కూడా, మునిచంద్ర మదనపల్లెకు ఫోన్ చేశాడు.

"సాయంత్రం బస్సులో పంపిస్తా. మీ పాపకు జొరం తగ్గిందా అప్పా?" స్పీకర్లో అడిగాడు డిస్ట్రిబ్యూటర్.

సర్దార్ తల దించుకున్నాడు. "నన్నెవురూ ఇట్లా అడగరప్పా. నిన్ను సూస్తే నాకు కుళ్లు."

ఇన్నాళ్లూ తన నోట రాని మాట అతని నోట వినగానే మునిచంద్ర స్టూలు జరిపాడు.

"కూసో అన్నా. టీ చెప్తా."