పసుపు రాయి

పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సెల్వి కాలు మోకాలి దాకా తీసేసినారు.

మూడు నెలల కిందటి వరకు నేతగాళ్ల వీధి పిల్లలు కాలిబాటన అయిదు నిమిషాల్లో బడికి చేరేవాళ్లు. కొత్త లేఅవుట్ వాళ్లు ఆ బాటకు అడ్డంగా గోడ కట్టినారు. గోడ లోపల వాకింగుకు టైల్స్ పరిచిన దారి. బయటివాళ్లకు తిరుత్తణి హైవే అంచు. ఆ అంచునే బడికి పోతావున్న సెల్విని లారీ ఈడ్చుకుపోయింది.

అది పాత బాట అనేదానికి ఒక్క ఆధారం చూపిస్తే గోడ తానే తీయిస్తానని తాసిల్దారు అన్నాడు. ఈ రోజు పదిగంటలకు వస్తాడు. వీధిలో ఒక్క కాగితం లేదు. పళ్ళిపట్టులో కూతురింట ఉన్న మునియప్ప తాత మాత్రం, ఆధారం తాను చూపిస్తానని, పొద్దున బస్సుకు వస్తానని, తొందరపడొద్దని చెప్పిపంపినాడు.

సెల్వి అన్న అరవింద్ ఆగలేదు.

"తాత వచ్చేలోపల ఇంకొక కాలు పోతాది," అన్నాడు.

బాట మొదట్లో నడుమెత్తు రాయి ఉంది. ఆషాఢం నాటి ఆడి నెల శుక్రవారాల్లో ఆడవాళ్లు అమ్మవారని పసుపు మెత్తీ మెత్తీ అది పచ్చటి దిమ్మ అయిపోయింది. అరవింద్ చెప్పులు విడిచి, మొక్కి, గడ్డపారతో దాన్ని పెకలించినాడు.

ఎదురింటి దేవసేన అడ్డం వచ్చింది. "అమ్మను యాడికి రా మోసకపోతారు?"

"గోడకాడికి అక్కా. అమ్మనే పగలగొట్టనీ."

ఎనిమిది మంది రాయిని సరుగుడు కర్రలకు కట్టి గోడకేసి గుద్దినారు. నాలుగో దెబ్బకు ఇటుకలు రాలినాయి. రాయి పెచ్చులు లేచింది. వాచ్‌మెన్లు ఇనుప పైపులతో వచ్చి పడినారు. రాయి మోసినోళ్లలో ఒకడి దవడ విరిగింది. అరవింద్ తల చిట్లి నెత్తురు కళ్లల్లోకి కారింది. అయినా కర్ర వదల్లేదు. ఆఖరి దెబ్బకు గోడ కూలింది. రాయి పిండయింది.

పోలీసులూ తాసిల్దారూ ఒకేసారి దిగినారు. వెనకే కొత్త ఇటుకల లారీ.

"ఆధారం ఉంటే ఇప్పుడైనా చూపండి," అన్నాడు తాసిల్దారు. "లేకపోతే గోడ వాళ్లది, కేసు మీది."

బస్సు దిగి వచ్చిన మునియప్ప, బాట మొదట్లో ఖాళీ గుంట చూసి, వంగి లోపల చేత్తో తడిమినాడు. తర్వాత గోడ దాకా నడిచి, నెత్తుటిలోనుంచి అరచేతంత పెచ్చు ఏరి, గోటితో పసుపు గీకినాడు. అందరూ అరవ బడుల్లో చదివిన ఆ వీధిలో తెలుగు చదవను వచ్చింది ఆయన ఒక్కడికే.

"'ఈ దారి' అనే మాట వరకే మిగిలింది సార్," అన్నాడు, "భూమి ఆసామి ఊరికి రాసిచ్చి, ఎవురూ మూయకూడదని చెక్కించి నాటిన రాయి ఇదే."