కింది వాటా దెబ్బ

కింది నుంచి ఠప్‌మని దెబ్బ పడింది.

ట్రెవాన్ ఉలిక్కిపడి పాట ఆపేశాడు.

మళ్ళీ పెట్టాడు. అదే చోట మళ్ళీ ఠప్.

డెట్రాయిట్‌లో డీజేనని చెప్పుకోవడం, చేపల చెరువులో నాకు ఈతొచ్చని చెప్పుకోవడం లాంటిది. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ స్కేటింగ్ హాళ్ళూ ఏళ్ళ తరబడి తిరిగాక, ఈసారి నది ఒడ్డు ఉత్సవంలో ట్రెవాన్‌కి చోటు దొరికింది. అదీ మిట్టమధ్యాహ్నం, జనమంతా సాసేజ్ బన్నుల కోసం వరస కట్టే వేళ.

ఆ చోటు ఇప్పించింది రికార్డు కంపెనీ నడిపే డేరియస్.

"తాళం లెక్క ఎక్కడా తప్పలేదురా," అన్నాడు ఫోన్లో, ట్రెవాన్ పంపిన కొత్త పాట విని. "కానీ ఒక్క కాలూ కదలట్లేదు. శుక్రవారానికి కదలకపోతే ఆ చోటు ఇంకొకడిది."

పాటకి ఆధారం, పాత సామాన్ల కొట్లో దొరికిన ఓ రికార్డు. అట్ట మీద పాడినాయన నవ్వు మూరెడుంది. డ్రమ్ములు వాయించిందెవరో మాత్రం ఎక్కడా లేదు.

ఆ డ్రమ్ముల ముక్క కోసుకుని, కంప్యూటర్లో తిప్పి తిప్పి వాడుకుంటున్నాడు. అందులో ప్రతి నాలుగో దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యం.

"ఎవడో మందు కొట్టి వాయించినట్టున్నాడు," అనుకుని, ఆ దెబ్బని లాక్కొచ్చి, తెర మీద తాళం లెక్క చూపించే గీత మీద బుద్ధిగా కూర్చోబెట్టాడు.

అప్పట్నుంచే ఈ ఠప్పులు.

కింది వాటాలో ఉండేది మిస్ వర్నెటా. ఎనభై దాటిన మనిషి. అద్దెకి దిగిన నెల నుంచీ ఆవిడ గురించి అతనికి తెలిసిందల్లా ఆదివారం చర్చి టోపీ, ఇప్పుడు కప్పుకేసి పొడిచే పొడుగాటి చీపురు కర్ర.

నిమ్మకాయ కేకు పట్టుకుని సంధికి దిగాడు.

తలుపు తీసింది. చేతిలో చీపురు అలాగే ఉంది.

"క్షమించండి మిస్ వర్నెటా, సౌండ్ తగ్గిస్తాను."

"తగ్గించమని ఎవరన్నారు? అసలా పాటలో..."

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను."

"చెప్పేది వినవేం అబ్బాయ్? ఆ డ్రమ్ము..."

"డ్రమ్ము ఇంకా తగ్గిస్తాను! శుక్రవారం దాకా ఓర్చుకోండి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు."

కేకు ఆవిడ చేతిలో పెట్టేసి రెండేసి మెట్లెక్కుతూ పారిపోయాడు.

"ముందు చెవులు కడుక్కో!" అని వెనకనుంచి వినిపించింది.

"చెవులు నావి బాగానే ఉన్నాయి ముసలమ్మా," అన్నాడు, తలుపేసుకున్నాక. పెద్దవాళ్ళ దగ్గర ఆ మాత్రం భయం వాళ్ళమ్మ నేర్పింది.

మర్నాడు, కేకు తిన్న బలం కాబోలు, దెబ్బలు మరీ గట్టిగా పడ్డాయి.

ఓపిక చచ్చి, ఇంటి ఓనరుకి వినిపిద్దామని నేలకి మైకు ఆనించి రికార్డు చేశాడు.

వెనక్కి తిప్పి విన్నాడు.

కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

ముసలావిడ ఎక్కడబడితే అక్కడ కొట్టడం లేదు. ప్రతిసారీ నాలుగో దెబ్బ దగ్గరే. అదీ గీత మీద కాదు, గీత దాటిన వెంట్రుకవాసికి. ఎన్నిసార్లు విన్నా అంతే.

కిందికి చూసుకున్నాడు. తన కాలు కదులుతోంది.

ఆ ఠప్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి పాటలో పెట్టేశాడు. మొదటినుంచి చివరిదాకా గట్టిగా వినిపించాడు.

కింద చప్పుడు లేదు.

"నిద్రపోయినట్టుంది," అనుకున్నాడు.

డేరియస్ ఆ పాట వరసగా రెండుసార్లు విన్నాడు.

"ఎవర్రా ఆ దెబ్బ వేసింది?"

"చీపురు కర్ర."

"ఏంటీ?"

"కింది వాటా ఆవిడది."

"ఆవిణ్ణి వదలకు."

ఉత్సవం అయ్యేదాకా ట్రెవాన్ మకాం డేరియస్ ఇంట్లోనే. ఆదివారం నది ఒడ్డున పాట మొదలయింది. బన్నుల వరస వరసంతా వేదిక వైపు తిరిగింది. చొక్కాల మీద ఆవముద్ద కారుతున్నా ఎవరికీ పట్టలేదు. బన్నులమ్మేవాడు కూడా పటకారు వదిలేసి వచ్చాడు.

సోమవారం ట్రెవాన్ ఇంకా పెద్ద కేకు కొన్నాడు. ఈసారి కూర్చుని, ఆవిడ చెప్పేదంతా వినాలనుకున్నాడు. రికార్డు అట్ట మీద పేరు కూడా వేయించాలనుకున్నాడు, 'చీపురు: మిస్ వర్నెటా' అని. ఆ ముఖంలో నవ్వు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మెట్ల దగ్గరికొచ్చాడు.

కింది వాటా తలుపు బార్లా తెరిచి ఉంది. నల్ల గౌనులో ఒకావిడ గిన్నెలు పెట్టెల్లోకి సర్దుతోంది.

"నువ్వేనా పైవాడివి?" అంది తలెత్తి. "మా పిన్ని శనివారం పోయింది. కునుకులోనే."

కేకు పెట్టె చేతిలోనే నలిగింది.

"నా సౌండ్‌తో... చాలా విసిగించానక్కా ఆవిణ్ణి."

"విసిగించావు. సౌండ్‌తో కాదులే."

"మరి?"

ఆవిడ గోడ వారగా ఉన్న చీపురు కేసి చూసింది.

"'అట్ట మీద నా పేరు వెయ్యకపోతే మానె, యాభై ఏళ్ళకి నా డ్రమ్ములు దొరికిన ఒక్క కుర్రాడూ నా నాలుగో దెబ్బని తప్పనుకుని దిద్దేస్తున్నాడే' అంటూ రోజూ ఆ చీపురందుకునేది."