పెద్ద డాక్టరు కట్టాల్సిన తాయెత్తు

“ఇయ్యాల ఈ రోడ్డు బందు. ఎనకకు పోండ్రి,” అన్నాడు వాచ్‌మన్ ఐలయ్య, గేటుకు అడ్డంగా లాఠీ పెట్టి.

“అన్నా, పొల్లకు అయిదొద్దుల సంది జరం. పట్నం దవాఖానకు వోవాలె. సుట్టు తిరిగి వోతె గంట పడ్తది,” అన్నాడు మొగిలి.

అతని వెనకాల పెళ్లాం లచ్చమ్మ. ఆమె భుజం మీద దుప్పట్లో చుట్టిన పది నెలల అనూష. పెళ్లైన తొమ్మిదేళ్లకు పుట్టిన పిల్ల. వాళ్లకు ఉన్నదంతా ఆ దుప్పట్లోనే ఉంది.

“నాకు తెల్వదా తమ్మీ? గని కంప్యూటర్ బిల్డింగు సూడనీకి పెద్ద పెద్దోళ్లొస్తున్నరు. చీమను గూడ ఇడ్వద్దన్నరు.”

ఏం చోద్యమో చూడండి. ఆ బిల్డింగుకి మూడంతస్తుల సెంట్రింగు కొట్టింది మొగిలి. కడుపుతో ఉండి కూడా ఏడో నెల దాకా కంకర తట్టలు మోసింది లచ్చమ్మ. తీరా కట్టడం అయ్యాక, దాని ముందునుంచి నడిచి పోవడానికి వాళ్లిద్దరూ పనికిరాకుండా పోయారు.

మొగిలి జేబులోంచి తాయెత్తు తీశాడు. నల్లదారం, దానికి మైనం అద్దిన చిన్న కాగితం మడత.

“కొత్తగూడ మౌలానా సాబిచ్చిండు. దీన్ని పెద్ద దవాఖానల రంగనాథ్ డాక్టరే సొంత చేత్తోని కట్టాల్నట. అప్పుడే పని జేస్తదట.”

ఐలయ్య లాఠీ దించేశాడు. “కుద్రతుల్లా మౌలానానా? గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా?”

అంతలో వాకీటాకీ పట్టుకుని సూపర్‌వైజర్ వెంకటరమణ వచ్చాడు. భీమవరం వైపు మనిషి. వస్తూనే ఐలయ్య మీద విరుచుకుపడబోయి, మౌలానా పేరు వినగానే తగ్గాడు.

“ఈ రోడ్డుకి మసీదు ముంగిలి కావాలని ఆర్నెల్లు తిరిగామయ్యా. ఒక్కడు ఒప్పుకోలేదు. శుక్రవారం నమాజయ్యాక ఆయన ఒక్క మాటన్నారు. శనివారం పొద్దున వాళ్ల గోడ వాళ్లే పడగొట్టుకున్నారు. ఆయన పంపిన మనుషుల్ని ఆపేస్తే రేపు ఆయన మొహం ఎలా చూస్తాను? నా జీపులో వెళ్లమను.”

జీపు కదిలాక గానీ లచ్చమ్మకు ప్రాణం కుదుటపడలేదు.

“సూసినవా? మౌలానా పేరు జెప్తె జీపే ఒచ్చె. నువ్వేమో ఊకె పరేషానయితవు,” అంది మొగుడితో. “అయిదొద్దుల సంది కన్ను మూయలే పొల్ల. ఆయన గట్ల కండ్ల మీద చెయ్యి దించంగనే మూసింది. ఏడుపు గూడ బందయింది. నిద్రవోతుంది, లేపొద్దు బిడ్డా అన్నడు.”

“జర దుప్పటి తీసి గాలాడనియ్యి.”

“తియ్యొద్దన్నడు. డాక్టరు కాడికి వొయ్యేదాంక తియ్యనే తియ్యొద్దన్నడు.”

మొగిలిని ఇంకొకటి తొలుస్తోంది. మీరూ మా ఎంబడి రాండ్రి సాబ్ అని అడిగితే, నమాజు టైమయింది అన్నాడు మౌలానా. నమాజుకి ఇంకా గంట పైనే ఉంది. ఆ మనిషి నోట అబద్ధం ఎన్నడూ వినలేదు మొగిలి. పెద్దమనిషి, మే నెల ఎండకు తల తిరిగి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

దవాఖానలో రోగుల వరస వరండా దాటి చెట్ల కింద దాకా ఉంది. నర్సు ముందు కసురుకుంది. నల్లదారం చూశాక మారు మాట లేకుండా తలుపు తీసింది. ఇంత తేలిగ్గా తలుపులు తెరుచుకోవడం మొగిలి తన బతుకులో చూడలేదు. పిల్ల బతికినట్టేనని మొదటిసారి అనిపించింది.

రంగనాథ్ డాక్టరు తల నెరిసిన మనిషి. తాయెత్తు అందుకుని, కట్టడం మానేసి దారం తెంపాడు. మైనం గీకి కాగితం విప్పసాగాడు.

మొగిలి చెయ్యి అడ్డం పెట్టాడు. “అయ్యో సారూ, ఇప్పొద్దు. కట్టాలె. మౌలానా సాబ్ మరీ మరీ జెప్పిండు.”

డాక్టరు నవ్వాడు. “ఇది తాయెత్తు కాదయ్యా. మౌలానా నాకు రాసే చిట్టీ. ఉర్దూ బళ్లో చదువుకున్నాను, చదవగలను. దవాఖానకు పొమ్మంటే మీరు పోరు, తాయెత్తంటే పరిగెత్తుకొస్తారు. అందుకని పదిహేనేళ్లుగా ఇట్లా పంపుతున్నాడు. ఆయన పంపగా వచ్చి బతికిన పిల్లలు ఎంతమందో లెక్కే లేదు. మీరేం ఫికర్ పడకండి.”

లచ్చమ్మ మొహం విప్పారింది. “సల్లని మాట జెప్పిండ్రు సారూ. ఇప్పటికే జరం ఇడిసింది. ఒళ్లు సల్లవడ్డది.”

డాక్టరు కాగితం చదువుతున్నాడు. చదివిందే మళ్లీ చదివాడు. కళ్లద్దాలు తీసి లచ్చమ్మ వైపు చూశాడు. పిల్ల వైపు చూడలేదు.

“జర మెల్లగ ముట్టుండ్రి సారూ. నిద్ర లేస్తది,” అంది లచ్చమ్మ, దుప్పటి సర్దుతూ.

“ఏం రాసిండు సారూ?” మొగిలి ముందుకు జరిగాడు. “సెప్పుండ్రి, ఏం మందు రాసిండు?”

డాక్టరు అతన్ని భుజం పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్లాడు. లచ్చమ్మకు వినబడకుండా, ఒక్కొక్క మాటే తెలుగు చేసి చదివాడు.

“‘డాక్టర్ సాబ్, ఈసారి మందు కోసం పంపలేదు. నలభై ఏండ్ల సంది ఈ బస్తీలన్నీ నా మాట ఇంటున్నయి గని, ఒక్క మాట జెప్పనీకి నాకు నోరు రాలే. నిద్రవోతుందని తల్లికి అబద్ధమాడిన. పొల్ల నా చేతులల్లనే పోయింది, మీరు జెప్పుండ్రి.’”