ఐదో డాక్టరు

“వెళ్ళిపోమ్మా. ఇక్కడ చేరకు,” అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండానే చీటీ రాస్తూ.

ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్న నర్సు చెయ్యి ఆగిపోయింది. తాను విన్నది నిజమేనా అన్నట్టు ఆయన వంక చూసింది.

ఆ ఆరోగ్య కేంద్రానికి ఆయనొక్కడే డాక్టరు. రోజుకు నూట యాభై మంది. మనిషికి రెండు నిమిషాలు. పదకొండేళ్ళుగా ఇదే వరస. రెండు నెలల క్రితం ఒక రోగి లేచి ఇంకో రోగి కూర్చునేలోపు ఆయనే తన కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు. నర్సే సెలైన్ ఎక్కించింది. సీసా సగమైనా కాకముందే తలుపు దగ్గర గొడవ మొదలైంది. ఎడమ చేతికి సూది ఉండగానే కుడి చేత్తో చీటీలు రాశాడు.

ఉద్యోగం వదిలేస్తానని పైవాళ్ళకు నాలుగుసార్లు రాసుకున్నాడు. నాలుగుసార్లూ ఒకటే జవాబు: మీ స్థానంలో ఎవరైనా చేరేదాకా మిమ్మల్ని వదలడం కుదరదు.

చేరడానికి ఇప్పటిదాకా నలుగురు వచ్చారు. వాళ్ళను కొత్త అల్లుళ్ళలా చూసుకున్నాడు. తన కుర్చీ ఇచ్చాడు. “ఈ జనం ఇవాళొక్క రోజే. మామూలుగా ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం” అని కళ్ళార్పకుండా అబద్ధమాడాడు. అయినా ఒకాయన మధ్యాహ్నానికే జారుకున్నాడు. ఒకావిడ ఫోన్ మాట్లాడొస్తానని బయటికెళ్ళి అటే పోయింది. మిగతా ఇద్దరూ అసలు కుర్చీలో కూర్చోనే లేదు.

ఇప్పుడు ఐదో మనిషి. చదువు పూర్తయి నెలైనా కాని అమ్మాయి. ఆమె సంతకం పెడితే చాలు, ఆయనకు విముక్తి. అలాంటి మనిషిని చేజేతులా తరిమేస్తున్నాడేమిటి?

నర్సు ఆయన్ని పక్కనున్న మందుల గదిలోకి పిలిచింది.

“మీకేమైనా మతి పోయిందా సార్? ఇలాగే ఉంటే ఏడాది కూడా గడవదని గుండె డాక్టరు చెప్పలేదూ?”

“చెప్పాడు.”

“మరి?”

ఆయన మళ్ళీ తన గదిలోకి వచ్చి కిటికీ తెర పక్కకు లాగాడు. రోగుల వరస గేటు దాటి రోడ్డు మలుపు దాకా ఉంది.

“చూడమ్మా, రోజూ ఇంతే. బీపీ మాత్రలు పది రోజులకే అయిపోతాయి. మిగతా ఇరవై రోజులూ తిట్లు తినాలి. నిరుడు ఒక పసిబిడ్డను రెండు నిమిషాల్లో చూసి, జలుబని పంపించేశాను. జలుబు కాదది.”

నర్సు తల దించుకుంది. ఆ సంగతి ఆయన నోట వినడం అదే మొదలు.

“ఆ బిడ్డ తల్లి ఇప్పటికీ వస్తుంది. దగ్గని, నడుం నొప్పని. నన్ను ఒక్క మాటా అనదు. నీకూ అలాంటి రోజొకటి వస్తుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా వస్తుంది.”

“తెలుసు,” అంది అమ్మాయి.

“ఏం తెలుసు? నిద్రపట్టదు. ఇంట్లోవాళ్ళ మీద ఊరికే అరుస్తావు. కొన్నాళ్ళకు అరిచే ఓపిక కూడా ఉండదు.”

“అదీ తెలుసు.”

“నీకేం ఖర్మ? ఇంకెక్కడా ఉద్యోగమే లేదా?” ఆయన చేతులు జోడించాడు. “దణ్ణం పెడతాను, వెళ్ళిపో.”

బయట ఎవరో తలుపు దబదబ బాదారు. “ఇంకెంతసేపండీ డాక్టరుగారూ!”

అలవాటు కొద్దీ ఆయన బల్ల దగ్గరికొచ్చి కలం తీసి, తరవాతి చీటీకి చెయ్యి చాచాడు. అమ్మాయి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన వేళ్ళ మధ్య నుంచి మెల్లగా కలం తీసుకుంది. చేరుతున్నట్టు రాసిచ్చే కాగితాన్ని బల్ల మీద పరిచింది.

“సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి నాన్నా,” అంది.